ఆటలో అరటిపండుకు ఫోన్లో చోటేది?

తొర్రూరు బస్టాండు పక్కన సాయంత్రం పూట నిలబడి చూస్తే నాలుగు ఫోన్ల చుట్టూ పది తలలు కనిపిస్తాయి. వరంగల్ నుంచి ఖమ్మం పోయే బస్సు వచ్చి ఆగుతుంది, పోతుంది. ఆ తలలు లేవవు. పక్కన టీ తాగే పెద్దలు పోరగాళ్లు చెడిపోతున్నారని ఒక మాట అనుకొని ఊరుకుంటారు. ఆ మాట కొత్తది కాదు. క్యారమ్ బోర్డు వచ్చినప్పుడూ అన్నారు, వీడియో క్యాసెట్ల రోజుల్లోనూ అన్నారు. అయితే ఆ నాలుగు ఫోన్లలో ఏ ఆట నడుస్తున్నదో వంగి చూసిన పెద్దమనిషి మాత్రం అరుదు. వంగి చూస్తే అన్ని ఆటలూ ఒక్కటి కావని తెలిసేది.

ఆ పది మందిలో ఒకడు ఒకనాడు చదరంగం యాప్ దించుకున్నాడనుకుందాం. హన్మకొండ కుర్రవాడు ఇరిగేశి అర్జున్ పేరు పేపర్లో చూసి ఉంటాడు. ఇక్కడికి యాభై కిలోమీటర్ల దూరంలో పుట్టి పెరిగినవాడు ప్రపంచంలో అంత ఎత్తుకు ఎదిగితే, తనకూ ఒకసారి ఆడి చూడాలనిపించడం సహజం. పేరు నమోదు చేసుకుంటాడు, ‘ఆడు’ అన్న మీట నొక్కుతాడు. ఎక్కడో బ్రెజిల్‌లోనో టర్కీలోనో ఉన్న మనిషి ఎదురవుతాడు. నాలుగే ఎత్తులు. మంత్రీ ఒంటే కలిసి రాజు పక్కనున్న బంటు మీద పడతాయి, ఆటకట్టు. ఏమి జరిగిందో తెలిసేలోపు ఎదుటి మనిషి మాయం. ఇంకో ఆట, ఇంకో ఓటమి. మూడో నాటికి ఆ యాప్ ఫోన్లో ఉండదు.

ఇందులో ఆట తప్పు లేదు, పిల్లవాడి తెలివి తక్కువా కాదు. ఓడిపోయిన వెంటనే పక్కనుండి ‘ఒరే, గుర్రాన్ని ముందు పెడితే ఆ దెబ్బ తగిలేది కాదు’ అని చెప్పే మనిషి లేడు. లోపమల్లా అదే. ఈ ఒక్క లోపాన్ని తీర్చడానికి తొర్రూరుకు స్టేడియం అక్కరలేదు, లక్షల నిధులూ అక్కరలేదు. ఊళ్లో పెద్దలకు ఆ ఉపాయం తెలియనిదీ కాదు.

ఔటయినా ఔటు కాని పిల్లవాడు

దాగుడుమూతలైనా, తొక్కుడు బిళ్లైనా, కర్రాబిళ్లైనా పెద్ద పిల్లలు ఆడుతుంటే ఐదారేళ్ల వాడు ఒకడు ఏడుస్తూ వస్తాడు. వాణ్ణి తరిమేయరు. ‘వీడు ఆటలో అరటిపండు’ అంటారు. వాడు పరుగెత్తుతాడు, పట్టుబడతాడు, అయినా ఔటు కాడు. దొంగ కావలసిన వంతు వచ్చినా వాడిమీద పడదు. లెక్కలో లేకపోయినా ఆటలో ఉంటాడు. అలా నెలా రెండు నెలలు తిరిగాక ఒకరోజు ఎవరూ ప్రకటించకుండానే వాడు లెక్కలోకి వస్తాడు. అప్పటికి ఆట వచ్చేసి ఉంటుంది.

దీన్ని జాలి అనుకుంటే పొరపాటు. కొత్తవాడికి ఆట నేర్పే పద్ధతి ఇది, ఎవరూ రాసిపెట్టకుండానే తరతరాలుగా నడిచింది. పాత గుళ్ల మండపాల్లో రాతి పలకల మీద పులిమేక గీతలు నేటికీ కనిపిస్తాయి. ఆ గీతల ముందు కూర్చున్నది ఇద్దరే అయినా చుట్టూ నిలబడ్డది పది మంది. ఆ పది మందీ అక్కడే నేర్చుకున్నారు. ఓడినవాడు లేచి ఇంటికి పోడు, పక్కకు జరిగి కూర్చొని తర్వాతి ఆట చూస్తాడు, ఎవరికో ఎత్తు చెప్పి తిట్లు తింటాడు. ఆటకంటే ఆ అరుగే వాణ్ణి పట్టి ఉంచింది.

ఫోను ఆటను తెచ్చింది గాని అరుగును తేలేదు.

అంకెల వెనుక సంగతి

ఓడిన పిల్లవాడు తన పేరు పక్కన ఒక అంకె దిగజారడం చూస్తాడు. ఆ అంకెను రేటింగ్ అంటారు. అమెరికాలో స్థిరపడిన హంగేరీ జాతీయుడు, భౌతికశాస్త్ర ఆచార్యుడు అర్పాద్ ఎలో ఈ లెక్కకు ఆద్యుడు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970 నుంచి ఆయన పద్ధతినే వాడుతున్నది. ఫోన్లోని ఆటస్థలాలు దానినో, దాని తర్వాత వచ్చిన సవరణలనో వాడతాయి. సంగతి తేలికైనదే. గెలిస్తే అంకె పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది, తన అంకెకు దగ్గరగా ఉన్నవాడితోనే జత కుదురుతుంది.

చిక్కు మొదటి రోజే వస్తుంది. ‘లీచెస్’ అనే ఆటస్థలం ఉన్నది. తిబో డ్యుప్లెసీ అనే ఫ్రెంచి ప్రోగ్రామరు 2010లో మొదలుపెట్టినది. పైసా అడగదు, ప్రకటనలు లేవు, విరాళాల మీద నడుస్తుంది. అంత మంచి చోట కూడా కొత్తగా చేరినవాడికి 1500 అంకె ఇచ్చి కూర్చోబెడతారు. ఆ అంకె నడిమి ఆటగాడిది. గుర్రం ఎటు దూకుతుందో నిన్ననే తెలుసుకున్నవాడు ఏళ్ల తరబడి ఆడినవాడితో తలపడవలసి వస్తుంది. ఆ అంకె పక్కన ఒక ప్రశ్నార్థకం గుర్తు ఉంటుంది. ‘ఈ మనిషి బలం ఎంతో ఇంకా తెలియదు, వెతుకుతున్నాం’ అని దాని అర్థం. మొదటి పది పదిహేను ఆటల్లో అంకె గబగబా పడి, అసలు స్థాయి దగ్గర నిలుస్తుంది. అక్కడినుంచి సమ ఉజ్జీలు దొరుకుతారు, గెలుపూ ఓటమీ సగం సగం అవుతాయి.

అంటే మొదటి వారం ఓటములు ఓటములు కావు. సంతలో ఎడ్ల జత కుదిర్చేవాడు ముందు నాలుగు ఎడ్లను పక్కపక్కన నిలబెట్టి చూసినట్టు, యంత్రం కొలత తీసుకుంటున్నదంతే. ఈ ఒక్క మాట పిల్లవాడికి మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే యాప్ తీసేసేవాడు కాదు. ఆ మాట చెప్పడానికి గ్రాండ్‌మాస్టర్ రానక్కరలేదు, ఇంటర్ చదివే అన్న చాలు.

చెస్ డాట్ కామ్ అనే మరో పెద్ద ఆటస్థలంలో చేరేటప్పుడే ‘ఆట ఎంతవరకు వచ్చు?’ అని అడుగుతారు. మన పిల్లలు అక్కడ పరువుకు పోయి ‘బాగా వచ్చు’ అని నొక్కుతారు. తర్వాత దెబ్బలు తింటారు. కొత్త అని నిజం చెప్పినవాడికే తోటి కొత్తవాళ్లు దొరుకుతారు.

గడియారం సంగతి ఇంకొకటి. మూడు నిమిషాల ఆట, ఒక నిమిషం ఆట అని ఉంటాయి. చూడటానికి సరదా. నేర్చుకునేవాడికి మాత్రం వాటితో తిప్పలే, ఆలోచించే వ్యవధే ఉండదు. చేయి కదులుతుంది గాని బుర్ర కదలదు. కొత్తవాడు ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు అదనం ఉండే ఆట ఎంచుకోవాలి. రోజుకు పది తొందర ఆటలకంటే ఇలాంటిది ఒక్కటి, ఆ తర్వాత ఎక్కడ తప్పిందో వెనక్కి తిప్పి చూసుకోవడం మేలు. ఆట ముగిశాక ఏ ఎత్తు దగ్గర తప్పటడుగు పడిందో లీచెస్ ఉచితంగానే చూపించి, ఆ ఎత్తును మళ్లీ వేయమని అడుగుతుంది. ఈ సౌకర్యం ఉన్నదని కూడా చాలామంది పిల్లలకు తెలియదు.

అసలు విచిత్రమేమంటే అరటిపండు మీట కూడా అందులో ఉన్నది. వేసిన ఎత్తు వెనక్కి తీసుకుంటానని ఎదుటివాణ్ణి అడగవచ్చు, అతడు ఒప్పుకుంటే తీసుకోవచ్చు. బ్రెజిల్ మనిషి ఎందుకు ఒప్పుకుంటాడు? ఒప్పుకునేది హరిపిరాల నుంచి ఆడే మేనబావ, అమ్మాపురం నుంచి ఆడే తోటి విద్యార్థి. పరిచయస్తులకు లింకు పంపి, అంకెలు లెక్కలోకి రాని స్నేహపు ఆట పెట్టుకొనే వీలు ఉన్నది. మొదటి నెల అలాగే గడపాలి. ముక్కూ మొహం తెలియనివాళ్లతో పోరు ఆ తర్వాత.

తాతల చదరంగం

ఇక్కడ పెద్దలకు ఒక పని ఉన్నది. ‘మాకు ఫోన్లు తెలియవు’ అని వాళ్లు తప్పుకుంటారు. ఫోను తెలియకపోతే పోనీ, చదరంగం తెలిసిన తాతలు పల్లెల్లో ఇంకా ఉన్నారు. అయితే వాళ్లకు తెలిసినది పాత పద్ధతి. అందులో బంటు మొదటి ఎత్తుకైనా ఒక్క గడే నడుస్తుంది. కోట కట్టడం లేదు, దానికి బదులు రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. చివరి వరుసకు చేరిన బంటు ఆ గడికి చెందిన బలగంగానే మారుతుంది. ఊరికో తీరు కూడా కద్దు. మనవడు ఫోన్లో బంటును రెండు గళ్లు నడిపితే తాత ‘ఇదేం ఆటరా, మోసం’ అంటాడు. మనవడు నవ్వుతాడు. తాత లేచిపోతాడు. అంతటితో ఒక గురువు పోయినట్టే.

పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ తేడా నాలుగు సూత్రాలు. అర్ధగంట పని. తాత దగ్గర ఉన్న అసలు విద్య వేరే. ఎదుటివాడు ఈ ఎత్తు ఎందుకు వేశాడని ఆగి అడగడం, తొందరపడి మంత్రిని బయటికి తీయకపోవడం, బలగం ఒకదానికొకటి కాపుగా నిలబెట్టడం. ఇవి రెండు పద్ధతుల్లోనూ ఒక్కటే.

దీనికి మీర్ సుల్తాన్ ఖాన్ ఉదాహరణ చాలు. అవిభక్త పంజాబులో తండ్రి దగ్గర ఆయన నేర్చుకున్నది మన దేశపు పాత పద్ధతే. యౌవనంలో ఒక జాగీర్దారు ఆశ్రయంలో కొత్త సూత్రాలు నేర్చుకొని ఇంగ్లండు వెళ్లాడు. 1929లో, తిరిగి 1932, 1933లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు, 2024లో, అంతర్జాతీయ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. పాత ఆట వచ్చినవాడు కొత్త ఆటకు పనికిరాడని ఎవరైనా అంటే ఈ పేరు చెప్పవచ్చు.

మూడో వారం

నేర్పడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఇంకో ఎత్తు. మొదటి వారం ఉత్సాహం ఉంటుంది. రెండో వారం పంతం ఉంటుంది. మూడో వారంలో పత్తి ఏరడానికో, మిరప తోటకో, పరీక్షకో పోవలసి వస్తుంది, ఆట ఆగిపోతుంది. ఆగినవాడు తిరిగి రావడానికి సిగ్గుపడతాడు. పల్లె పిల్లలకు ఈ మూడో వారమే గండం.

దీనికి ఫోన్లోనే ఒక మంచి ఉపాయం ఉన్నది. ఉత్తరాల చదరంగం అని పూర్వం ఉండేది. ఒకరు ఒక ఎత్తు రాసి పోస్టుకార్డు వేస్తే, ఇంకొకరు జవాబు వేసేవారు. ఒక ఆట నెలల తరబడి సాగేది. ఇప్పుడు అదే పద్ధతి ఫోన్లో ఉన్నది. ఎత్తుకు ఒక రోజో మూడు రోజులో గడువు పెట్టుకోవచ్చు. పొద్దున చేనుకు పోయే ముందు ఒక ఎత్తు, సాయంత్రం వచ్చాక ఇంకొకటి. సిగ్నల్ ఒక పూట లేకపోయినా ఆట చెడదు. మత్తేడు నుంచి ఒకడు, గుర్తూరు నుంచి ఒకడు, చెర్లపాలెం నుంచి ఒకడు ఇలా జతలుగా ఆడితే ఏ పనీ ఆగదు, ఆటా ఆగదు. దారిలో ఎదురైనప్పుడు ‘నీ ఏనుగు సంగతి ఏం చేస్తావు?’ అని అడుగుతారు. మాట నడిచినంతకాలం ఆట ఉంటుంది.

సిగ్నల్ మాట వచ్చింది గనుక ఇంకొక సంగతి. నెట్ పోయి ఓడితే పిల్లలు ఫోను విసిరికొట్టేంత పని చేస్తారు. 2020లో కరోనా కాలంలో చదరంగ ఒలింపియాడ్‌ను తొలిసారి ఆన్‌లైన్‌లో జరిపారు. భారత జట్టులో మన తెలుగువాళ్లు పెంటేల హరికృష్ణ, కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక ఉన్నారు. రష్యాతో ఫైనల్లో నెట్ తెగిపోయి మన ఆటగాళ్లు ఇద్దరు గడియారం మీద ఓడిపోయారు. విచారణ జరిపి చివరకు రెండు దేశాలనూ ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు. అంతటి పోటీలోనే అలా జరిగింది. తొర్రూరులో ఒక సాయంత్రం నెట్ పోతే కుంగిపోనక్కరలేదు.

ఫోను లేని ఆడపిల్ల

ఈ వ్యవహారంలో ఎవరూ మాట్లాడని భాగం ఆడపిల్లలది. ఇంట్లో ఫోను ఒక్కటే ఉంటే అది తండ్రి జేబులో ఉంటుంది, తర్వాత అన్న చేతికి వస్తుంది. చెల్లెలి వంతు వచ్చేసరికి చార్జింగ్ అయిపోతుంది. బస్టాండు పక్కన ఫోన్ల చుట్టూ ఉన్న పది తలల్లో ఒక్క జడ కూడా కనిపించదు. ఈ దేశంలో గ్రాండ్‌మాస్టర్ హోదా పొందిన మొదటి మహిళ మాత్రం తెలుగు అమ్మాయి. కోనేరు హంపికి 2002లో పదిహేనేళ్ల వయసులో ఆ హోదా వచ్చింది. ఆమెకు ఆట నేర్పింది తండ్రి అశోక్. కూతురి కోసం ఆయన అధ్యాపక ఉద్యోగం మానుకున్నాడు. పెళ్లయి, బిడ్డ పుట్టి, రెండేళ్లు ఆటకు దూరమైన తర్వాత ఆమె తిరిగి వచ్చి 2019లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది, 2024లో రెండోసారి గెలిచింది. మధ్యలో ఆగినవాళ్లకు తిరిగి రావడానికి సిగ్గు ఎందుకో ఆమెను చూసి ఆలోచించాలి. హారిక 2022 చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా ఆడి జట్టుతో కాంస్యం తెచ్చింది.

ప్రతి తండ్రీ ఉద్యోగం మానాలని ఎవరూ అనరు. రాత్రి అన్నం తిన్నాక అర్ధగంట ఫోను కూతురి చేతికిస్తే చాలు. అది కూడా కుదరని ఇళ్లకు చెక్క బోర్డు ఉండాలి. ఫోన్లో ఆడటానికి బోర్డు ఎందుకని అడగవచ్చు. ఫోన్లో ఓడిన ఆటను బోర్డు మీద పేర్చి నలుగురు చూస్తేనే పాఠమవుతుంది. చిన్న తెర మీద ఇద్దరికి మించి కళ్లు పట్టవు. నాలుగు బోర్డులు కొన్నా ఒక మంచి క్రికెట్ బ్యాటు ధర కాదు.

అవతలివాళ్లకు తెలిసిన విద్య

ఇదంతా ఒక ఆట కోసం ఇంత రాద్ధాంతమా అనేవాళ్లు ఉంటారు. వాళ్లు ఒక సంగతి ఆలోచించాలి. డబ్బు పెట్టి ఆడే ఫోను ఆటలను నడిపినవాళ్లకు కొత్తవాణ్ణి కూర్చోబెట్టే విద్య బ్రహ్మాండంగా తెలుసు. చేరగానే బోనస్ ఇచ్చారు. రెండు రోజులు రాకపోతే ఫోన్లో పిలుపు పంపారు. చదరంగంలో నాలుగెత్తుల్లో ఓడి లేచిపోయిన పిల్లవాడు అక్కడ చేరితే ‘స్వాగతం’ అన్న అక్షరాలు రంగురంగుల్లో కనిపించాయి. మంచి ఆట దగ్గర పలకరించే దిక్కు లేకపోయింది, చెడ్డ ఆట దగ్గర మర్యాద దక్కింది. తర్వాత ఎన్ని ఇళ్లలో పత్తి అమ్మిన పైకం ఏమైందో ఊళ్లవాళ్లకు చెప్పనక్కరలేదు.

తెలంగాణ ప్రభుత్వం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పందేల ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, పందెం లేని ఆటలను ప్రోత్సహించాలని అదే చట్టంలో చెప్పింది. మంచిదే. కాని చట్టం వల్ల ఖాళీ అయిన సాయంత్రం చట్టంతోనే నిండదు. ఆ సమయంలో పిల్లవాడు ఏదో ఒకటి ఆడతాడు. ఏది ఆడాలో ఊరు చెప్పకపోతే ఇంకెవరో చెబుతారు.

కేరళలో త్రిశూర్ జిల్లా మరొట్టిచాల్ అనే పల్లె ఉన్నది. ఒకప్పుడు సారాతోనూ జూదంతోనూ గుల్లయిన ఊరు. ఉన్నికృష్ణన్ అనే ఆయన అక్కడ టీకొట్టు పెట్టి, వచ్చినవాళ్లకు చదరంగం నేర్పాడు. ఉపన్యాసాలివ్వలేదు. టీ తాగడానికి వచ్చినవాడి ముందు బోర్డు పెట్టాడు. ఏళ్లు గడిచేసరికి కొన్ని వందల మంది నేర్చుకున్నారు. నేడు ఆ ఊరిని చదరంగం ఊరు అంటారు, దేశ విదేశాల పత్రికలు రాశాయి. అక్కడ పనిచేసింది ఒక టీకొట్టు బల్ల, ఓపిక గల ఒక మనిషి. తొర్రూరులో టీకొట్లకు కొదవ లేదు.

ఛాంపియన్ల పిచ్చి వద్దు

ఒక హెచ్చరిక అవసరం. ఇలాంటి ప్రయత్నం ఎవరు మొదలుపెట్టినా మన దగ్గర వెంటనే చేసేది పోటీ పెట్టడం. షామియానా, మైకు, ముఖ్య అతిథి, మూడు కప్పులు. ముగ్గురు కప్పులు తీసుకుంటారు, ముప్పై మంది మొదటి రౌండ్లోనే ఓడి ఇంటికి పోయి మళ్లీ బోర్డు ముట్టరు. ఫోను చేసిన తప్పునే ఊరు మైకు పెట్టి చేసినట్టవుతుంది. పోటీలు ఉండాలి, పాఠశాలల క్రీడా సమాఖ్య పోటీల్లో చదరంగం ఉన్నది కూడా. అవి ఏడాది ఆడిన తర్వాతి మాట.

అర్జున్ పేరు కూడా అతిగా వాడకూడదు. 2018లో పదిహేనేళ్లు నిండకముందే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో పదకొండు ఆటల్లో పది పాయింట్లు తెచ్చి మూడో బోర్డు మీద వ్యక్తిగత స్వర్ణం గెలిచాడు, దేశానికీ స్వర్ణం వచ్చింది. అదే ఏడాది డిసెంబరు జాబితాలో 2800 రేటింగ్ దాటాడు. మన దేశంలో విశ్వనాథన్ ఆనంద్ తర్వాత ఆయనే. పూర్వపు వరంగల్ జిల్లా మొత్తం గర్వించదగ్గ సంగతి. కాని ‘నువ్వూ అర్జున్‌వి కావాలి’ అని పదేళ్లవాడి నెత్తిన పెడితే మూడో ఓటమికే వాడు తాను అర్జున్‌ను కానని తేల్చుకుంటాడు, ఆట మానేస్తాడు. అర్జున్‌కు కూడా హన్మకొండలో మొదట పక్కన కూర్చొని నేర్పిన గురువు ఉన్నాడు. పిల్లలకు చెప్పవలసింది ఆ సంగతి.

చదువు పాడవుతుందని తల్లిదండ్రుల భయం. కొంత న్యాయమే. రాత్రి పదకొండు దాకా ఒక నిమిషం ఆటలు ఆడేవాడికి చదరంగం కూడా వ్యసనమే. అందుకే ఆట ఇంటి మూలలో ఒంటరిగా కాకుండా నలుగురి మధ్య, వేళకు సాగాలి. లీచెస్‌లో పిల్లల కోసం ఒక అమరిక ఉన్నది, అది పెడితే అపరిచితుల మాటలు, సందేశాలు కనిపించవు. ఆ అమరిక పెట్టి ఇవ్వడం పెద్దల బాధ్యత. ఇంకో ఫోన్లో కంప్యూటర్‌ను అడిగి ఎత్తు వేసే దొంగ ఆట కూడా పిల్లల్లో ఉన్నది. అలా గెలిచినవాళ్ల ఖాతాలు మూసేస్తారు. అది మొదటి రోజే చెప్పాలి, దొరికిన తర్వాత కాదు.

ఇక చేయవలసింది ఎంత? 2018లో పురపాలక సంఘమైన తొర్రూరులో ఆదివారం సాయంత్రం గంటసేపు తెరిచి ఉండే ఒక గది. చుట్టుపక్కల ఊళ్లలో బడి వరండా, పంచాయతీ హాలు, లేదా రైతులకు సమావేశం లేని రోజుల్లో తాళం పడి ఉండే రైతు వేదిక. నాలుగు బోర్డులు. ఇద్దరు ముగ్గురి దగ్గర ఉండే ఫోన్లు. ఆట తెలిసిన డిగ్రీ విద్యార్థి ఒకడు, ఒక తాత. కొత్తగా వచ్చినవాడు మొదటి నెల అరటిపండే. వాడు ఎన్ని ఎత్తులైనా వెనక్కి తీసుకోవచ్చు. వారంలో ఫోన్లో ఓడిన ఆట ఒకటి తెచ్చి బోర్డు మీద పేర్చడం మాత్రం తప్పనిసరి. రెండు వారాలు రానివాడి ఇంటికి ఎవరో ఒకరు పోయి పిలవాలి.

వరండా ఉన్నది, బోర్డుల డబ్బు పది మంది తలా కాస్త వేసుకుంటే వస్తుంది, పిల్లలు బస్టాండు దగ్గర సిద్ధంగానే ఉన్నారు. ఆదివారం సాయంత్రం ఆ గది తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఐదు గంటలకు వచ్చి ఎవరు తీస్తారు అన్నది మాత్రమే ఊరి పెద్దలు కూర్చొని తేల్చవలసి ఉన్నది.